మాల్దీని సరే, మన బలరామ్ సంగతేమిటి?



మొన్న మన కుర్రవాళ్ళు ఇటలీ ఫుట్‌బాల్ డిఫెండర్ పావ్లో మాల్దీని గురించి గట్టిగా వాదులాడుకున్నారు. ఆయన 2009లో ఆట మానేసినా అంత పేరు ఇంకా ఎలా నిలిచింది, తోటివాళ్ళకు ఎందుకు లేదు అని. ఏసీ మిలాన్ క్లబ్బు మాల్దీని 3 నంబరు చొక్కాను, బరేసీ 6 నంబరు చొక్కాను గౌరవంగా పక్కన పెట్టేసింది. వాళ్ళతో ఏళ్ళ తరబడి గోడలా నిలబడిన కోస్టాకుర్టా 5 నంబరు మాత్రం తర్వాతివాళ్ళు వేసుకున్నారు. మాల్దీని వాళ్ళ నాన్న కూడా అదే క్లబ్బుకు కెప్టెన్ లెండి. ఇంటిపేరు ముందే ఊరికి తెలిసి ఉంటే సగం పని అయిపోయినట్టే, అది మనకు తెలియనిదా!

మాకు మాత్రం తులసీదాస్ బలరామ్ గుర్తొచ్చారు. ఆయన డిఫెండర్ కాదు, ఫార్వర్డ్. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు, తల్లిదండ్రులు తమిళులు. మన కథకు సరిగ్గా తిరగేసిన కథ. మనం తమిళ గడ్డ మీద తెలుగువాళ్ళం, ఆయన తెలుగు గడ్డ మీద తమిళ బిడ్డ.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న జట్టులో ఉన్నారు. 1960లో అదే ఇటలీలో, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచ్‌గా ఉండగా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టూ వీళ్ళదే. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ అని ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పేవాళ్ళు. తర్వాత చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు అర్జున దగ్గరే ఆగిపోయింది.

అనారోగ్యంతో 1963లోనే ఆట మానేయడం ఒక కారణం, కాదనం. కానీ పీకేకు, చునీకి బెంగాల్ ఉంది, మావాడు అని ఢిల్లీ దాకా చెప్పుకునే రాష్ట్రం. ఈయన ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. హైదరాబాదుకు వెళ్ళిపోయినవాడు, మద్రాసుకు ఎప్పుడూ రానివాడు. ఇక మావాడు అనేదెవరు?

సంఘం క్యాలెండర్లో ఆయన ఫోటో వేద్దామంటే, “ఆయన తమిళాయన కదా, మనకెందుకు?” అని ఒక అన్న అన్నారు. ఆ మాట మాకు గుచ్చుకుంది. రేపు మన పిల్లవాడొకడు తమిళనాడు జట్టుకు ఆడితే ఇక్కడ తెలుగువాడంటారు, అక్కడ అరవవాడంటారు. వాడి ఫోటో ఎవరు వేస్తారు అన్నా?

సెప్టెంబరు పేజీ ఇవ్వండి చాలు. జకార్తా ఫైనల్ ఆడింది సెప్టెంబరు 4న. ఫోటో మేమే వెతికి పంపుతాం.