దగ్గరి కత్తి



మొన్న సంఘ యువకులతో పెనుకొండ కోట ఎక్కాము. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తరువాత తిరుమలరాయలు రాజధానిని అక్కడికే తెచ్చుకొన్నాడు. ఒక తమ్ముడు అడిగాడు: "అయ్యగారూ, అప్పట్లో ఎలాంటి కత్తులు వాడేవాళ్లు?"

తల్వారు వంపు తిరిగినది, గుర్రం మీదనుండి ఈడ్చి నరకడానికి అనువైనది. ఐరోపానుండి ఓడల్లో వచ్చిన నిటారు అలుగులకు మనవాళ్లు ఇక్కడి పిడులు బిగించారు. ఆ కత్తి పేరు ఫిరంగి. (మనకేమో తోపు గుర్తొస్తుంది!) చైనా సేనల్లోనూ గుర్రపు దళం పెరిగేకొద్దీ పొడిచే రెండంచుల కత్తి వెనుకబడి, నరికే ఒంటి అంచు కత్తి ముందుకొచ్చింది.

పౌలు కాలపు రోమా కాల్బలం కత్తి పొట్టిది. డాలు చాటునుండి పొడవాలి. ఎదుటివాని ఊపిరి తగిలేంత దగ్గరకు వెళ్లాలి. ఎఫెసీ 6:17లో ఖడ్గమన్న చోట గ్రీకులో ఉన్నది మఖైరా, పొట్టి కత్తికి వాడిన మాట. సెమినరీలో చదివాము, మరచాము.

ఇది చెప్తూ చెప్తూ మా నోరు ఆగిపోయింది. పోయిన యేడు తాగుడు మానలేని ఒక సహోదరుని గూర్చి, పేరెత్తకుండానే, పుల్పిట్ మీదనుండి వాక్యాన్ని తల్వారులా తిప్పాము. అందరికీ అర్థమైంది. ఆయన మరల మందిరానికి రాలేదు. ఇల్లు బుక్కపట్నం చెరువు కట్ట దగ్గరే. మేము ఒక్కసారైనా గడప తొక్కలేదు.

కొండ దిగి నేరుగా అక్కడికే వెళ్లాము. ఆయన బిడ్డ మంచం వాల్చింది. బైబిలు సంచిలోనే ఉంచి, కూర్చొన్నాము.