పగడమే అన్నమైన చేప

తెలుగువాడికి పగడం అంటే ముందు గుర్తొచ్చేది ఉంగరం. జాతకంలో కుజుడు సరిగా లేడని సిద్ధాంతిగారు చెబితే ఎర్రటి పగడం కొని వేలికి పెట్టుకుంటాం. నవరత్నాల్లో దాన్ని లెక్కేసినా అది రాయి కాదు. సముద్రం అడుగున బతికే చిన్న చిన్న జీవులు కట్టుకున్న అస్థిపంజరం. ఉంగరంలో ఉండేది లోతు నీళ్లలో పెరిగే ఎర్ర పగడం. దానికి దాయాదుల్లాంటివి మరికొన్ని ఉన్నాయి. వెచ్చని, లోతు తక్కువ నీళ్లలో అవి దిబ్బలు దిబ్బలుగా పెరుగుతాయి. ఆ దిబ్బ పగడాన్నే అన్నంగా తిని బతికే చేపలున్నాయి. వాటిలో కొన్నిటికి అది తప్ప మరొకటి తినడం తెలియదు. నేను రాస్తున్నది వాటి గురించే.

ఈ మాట చెప్పడానికి నేనుండే ఊరు సరైన చోటు కాదనిపించవచ్చు. సూరత్‌కు ఉత్తరాన పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, ముంబై-అహ్మదాబాద్ రైలు మార్గం మీద ఉన్న చిన్న పట్నం కిమ్. ఇక్కడ పాలిస్టర్ దారం తయారుచేసే ఒక యూనిట్‌లో నేను లెక్కలు చూస్తాను. మా బాపు సిరిసిల్ల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ సూరత్ వచ్చి, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే లింబాయత్ వైపు స్థిరపడ్డాడు. సముద్రం మాకు దూరమేమీ కాదు. మా ఊరి పేరున్న కిమ్ నది పడమరగా పారి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. కానీ ఆ నీళ్లలో పగడపు దిబ్బలు పెరగవు. నర్మద, తపతి, మహి, సబర్మతి మోసుకొచ్చే ఒండ్రుతో అవి ఎప్పుడూ చాయ్ రంగులో ఉంటాయి. కొన్నిచోట్ల పది మీటర్లు దాటే ఆటుపోట్లు ఆ బురదను అడుగుకు దిగనివ్వవు. పగడానికి వెలుతురు కావాలి. మన గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసేచోట దిబ్బలు లేకపోవడానికీ కారణం ఇదే.

అందుకని నేను ఆ చేపను చూడటానికి లక్షద్వీప్ దాకా వెళ్లాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో కవరత్తిలో అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కాం. నీళ్ల కింద అరచేయంత చేపలు రెండు, జంటగా కనిపించాయి. పసుపు ఒంటి మీద సన్నని నీలి గీతలు, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లటి పట్టీ. ముందున్నది పగడపు కొమ్మను ముద్దు పెట్టుకున్నట్టు తాకి పక్కకు జరిగింది. వెనకది వచ్చి ఆ పక్క కొమ్మను తాకింది. ‘అవేం చేస్తున్నాయి డాడీ?’ అని మా అమ్మాయి అడిగితే పడవ నడిపేవాడు ‘ఖానా’ అన్నాడు ఒక్క ముక్కలో.

ఆ ఖానా సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. వీటిని సీతాకోకచిలుక చేపలంటారు. ప్రపంచంలో సుమారు 130 జాతులున్నాయి. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కీటోడాన్. గ్రీకు భాషలో కుచ్చు పళ్లదని అర్థం. బ్రష్షు వెంట్రుకల్లాంటి సన్నటి పళ్లు, ముందుకు సాగిన మూతి. పగడపు కొమ్మ మీద కనిపించే ఒక్కో చుక్కా ఒక్కో జీవి. దాన్ని పాలిప్ అంటారు. మధ్యలో నోరు, చుట్టూ మీసాల్లాంటి వేళ్లు. చేప ఆ మెత్తటి భాగాన్నే గిల్లుకుంటుంది. పగడాన్ని గట్టిగా కొరికి, గుల్లతో సహా మింగి ఇసుకగా విసర్జించే చిలుక చేపలు వేరే ఉన్నాయి. సీతాకోకచిలుక చేపది ఆ మోటు పద్ధతి కాదు. గంటకు వందలకొద్దీ కాట్లు వేస్తుంది గానీ ఒకేచోట వేయదు. పెరట్లో మునగ చెట్టుకు ఆకు దూసుకున్నట్టన్నమాట. చెట్టు చావదు, నాలుగు రోజులకు మళ్లీ చిగురిస్తుంది.

బతికున్న పగడాన్ని తినే చేపలు 128 జాతులని కోల్, ప్రాట్చెట్, జోన్స్ అనే శాస్త్రవేత్తలు 2008లో లెక్క తేల్చారు. అందులో 69 సీతాకోకచిలుక చేపలే. మొత్తం మీద మూడో వంతు జాతులకు పగడమే దాదాపు సంపూర్ణ ఆహారం. వాటిలోనూ తేడాలున్నాయి. వెనక రెక్కకు దారంలాంటి తోక ఉండే జాతి ఒకటి పగడంతో పాటు పురుగులు, చిన్న రొయ్యలు ఏవి దొరికితే అవి తింటుంది. కవరత్తిలో మేం చూసిన జాతి పగడం తప్ప ముట్టదు గానీ, రకరకాల పగడాలతో సర్దుకుంటుంది. కీటోడాన్ ట్రైఫేసియాలిస్ అనే మూడోది మరీ పట్టుదల గలది. బల్లలా పరుచుకునే ఒకటి రెండు రకాల కొమ్మ పగడమే దాని ప్రాణం. ఆ బల్లను హద్దులు గీసుకుని కాపాడుకుంటుంది, ఇంకెవరినీ రానివ్వదు.

ఇదే బాటలో ఇంకాస్త దూరం వెళ్లింది నారింజ చుక్కల ఫైల్ చేప. ఇది కొమ్మ పగడం తిని, రాత్రి ఆ కొమ్మల మధ్యే తలదాచుకుంటుంది. తిన్న పగడం వాసనే దాని ఒంటికీ పడుతుందని 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్తించారు. వేటాడే చేప దగ్గరికొచ్చినా అక్కడ ఉన్నది పగడమో చేపో పోల్చుకోలేదు. అన్నమే ఇల్లు, అన్నమే మారువేషం.

ఇలాంటి చేపను ఇంట్లో పెంచుకోవచ్చా అని సూరత్‌లో అక్వేరియం సరుకు అమ్మే ఒకాయనను అడిగాను. ‘వద్దు భాయ్. అందంగానే ఉంటుంది. కానీ ఏం వేసినా తినదు. మీ కళ్ల ముందే ఎండిపోతుంది’ అన్నాడు. వ్యాపారం పోగొట్టుకుని మరీ చెప్పిన మాట. పుస్తకాలు చెప్పేదీ అదే.

ఒకే పని మీద బతుకు నిలబెట్టుకోవడం మా ఇంట్లో కొత్త సంగతి కాదు. బాపు ముప్పై ఏళ్లు మగ్గమే నడిపాడు. పోగు తెగిన చప్పుడును వంద మగ్గాల హోరులో వినగలిగేవాడు. ఆ నైపుణ్యమే ఆయనకు కూడు పెట్టింది. దానివల్లే ఇంకో పని వైపు చూడాల్సిన అవసరం రాలేదు. చేపదీ అదే కథ. ఆ పగడం పుష్కలంగా ఉన్నన్నాళ్లూ దాన్ని మించి వేగంగా, ఒడుపుగా తినగలిగేది లేదు. అది తగ్గిన రోజున మాత్రం ముందు దెబ్బ తినేది అదే. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలు ఆగినప్పుడు, మగ్గం తప్ప తెలియనివాళ్లే సంచులు సర్దుకుని ముందు ఊరిదారి పట్టడం చూశాం.

పగడం ఎందుకు తగ్గుతోంది? పాలిప్ ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. ఎండను పట్టి వంట చేసి పగడానికి ఆహారంలో పెద్ద భాగం పెట్టేవి అవే. పగడానికి రంగు కూడా చాలావరకు వాటివల్లే. మామూలు వేసవి గరిష్ఠాన్ని మించి నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 1998లో, 2010లో, 2014-17 మధ్య ప్రపంచమంతటా ఇలా జరిగింది. నాలుగోది 2023లో మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ మరుసటి నెలలోనే లక్షద్వీప్‌లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తెలిపింది.

పగడం చచ్చాక చేప సంగతేమిటి? 1998 తర్వాత జపాన్‌లోని ఓకినావాలో ఫైల్ చేపలు కొద్దికాలంలోనే కనిపించకుండా పోయాయి. ఇంకో పరిశోధన నన్ను ఎక్కువ కదిలించింది. 2016లో దిబ్బలు తెల్లబడినప్పుడు శాస్త్రవేత్తలు 17 చోట్ల 38 జాతుల సీతాకోకచిలుక చేపలను గమనించారు. హద్దుల కోసం ఎప్పుడూ కొట్లాడుకునే ఈ చేపల మధ్య గొడవలు మూడింట రెండు వంతులు తగ్గిపోయాయి. వాటికి బుద్ధొచ్చి కాదు. కాపాడుకోవడానికి పంట లేదు, కొట్లాడటానికి ఒంట్లో శక్తి లేదు.

ఇక్కడే మా కిమ్ కథలోకి వస్తుంది. ఊరికి తూర్పున మాంగ్రోల్ తాలూకాలో వస్తాన్ లిగ్నైట్ గని ఉంది. అయిదు కోట్ల ఏళ్లకు ముందు ఇదంతా వెచ్చని సముద్రపు అంచు. గనిలో ఆనాటి గబ్బిలాల ఎముకలు, చెట్ల జిగురులో చిక్కి రాయైపోయిన కీటకాలు దొరికి ప్రపంచానికి తెలిశాయి. ఈ చుట్టుపక్కల సున్నపురాళ్లలో రూపాయి బిళ్లల్లాంటి సముద్రజీవుల గుల్లలు కనిపిస్తాయి. ఇప్పుడు బురద తప్ప ఏమీ లేని మా తీరానికి ఒకప్పుడు తేట నీళ్లు తెలుసన్నమాట. ఆనాటి అడవి మట్టిలో కలిసి లిగ్నైట్ అయింది. దాన్ని తవ్వి నాని నరోలిలోని 500 మెగావాట్ల కేంద్రంలో కాల్చి కరెంటు తీస్తున్నారు. అది రాష్ట్ర గ్రిడ్‌లో కలుస్తుంది. మా యూనిట్ యంత్రాలు తిరిగేదీ ఆ గ్రిడ్ మీదే. కవరత్తి నీళ్లు వేడెక్కడానికి ఈ ఒక్క పొగగొట్టమే కారణమని ఎవరూ అనరు. ప్రపంచంలో ఇలాంటివి వేలున్నాయి. కానీ వాటిలో ఒకటి మా ఇంటికి దగ్గర్లోనే ఉంది.

గుజరాత్‌లో పగడాలు లేకపోలేదు. కచ్ సింధుశాఖలో, జామ్‌నగర్ వైపు పిరోటన్, నరారా దగ్గర ఉన్నాయి. 1982లో దేశంలోనే మొదటి సముద్ర జాతీయ పార్కు అక్కడే వెలిసింది. 2001 నుంచి దిబ్బ పగడాలకు చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది. నరారాలో ఆటు సమయంలో మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ పగడాన్ని చూడొచ్చు. అయితే అక్కడివి ఎక్కువగా గుండ్రాళ్లలా పెరిగే మొండి రకాలు. చేపలు ఇష్టపడే కొమ్మ పగడాలు ఆ సింధుశాఖలో దాదాపు కనుమరుగయ్యాయి. మీఠాపూర్ దగ్గర 2008లో మొదలైన పునరుద్ధరణ పథకంలో అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్ కలిసి పనిచేశాయి. లక్షద్వీప్ నుంచి కొమ్మ పగడం ముక్కలు తెచ్చి అక్కడ నాటారు. నారు పోసి నాట్లు వేసినట్టే. అయితే నాటిన పగడానికైనా నీళ్లు చల్లగా ఉండాల్సిందే.

ఇదంతా ఒక ఆదివారం బాపుకు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ‘ఆ చాపకు ఇంకోటి తినుడు నేర్పరాదా బిడ్డా? కండ్లు మందమైనంక నేను మగ్గం ఇడిసి కిరాణా కొట్టు వెట్టలేదా?’ అన్నాడు. నిజమే, యాభై దాటాక ఆయన కొత్త పని నేర్చుకున్నాడు. ఆరు నెలలు పట్టింది. సీతాకోకచిలుక చేపల వంశం పగడానికి అలవాటు పడటానికి లక్షల ఏళ్లు పట్టింది. అలా అలవాటు పడి సుమారు కోటిన్నర ఏళ్లయింది. నాని నరోలి కేంద్రం మొదలై పాతికేళ్లు. మారగలిగే వీలు ఎవరికుందో వేరే చెప్పక్కర్లేదు.

మా యూనిట్ కప్పు మీద ఆ మధ్య సోలార్ పలకలు బిగించారు. కరెంటు బిల్లు తగ్గుతుందని సేఠ్ ఆ నిర్ణయం తీసుకున్నారు. ఖర్చు ఎన్నేళ్లలో తిరిగొస్తుందో లెక్క కట్టి ఇచ్చింది నేనే. ఆ కాగితంలో చేప ఊసు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఏ లెక్కతో బిగించినా ఆ మేరకు లిగ్నైట్ గనిలోనే మిగులుతుంది.