అరకు దారిలో కారుకు మతిమరుపు

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట... అక్కడిదాకా దారి చదునే. కోట దాటి బొడ్డవర వచ్చేసరికి తూర్పు కనుమలు ఎదురుగా గోడ కట్టినట్టు నిలబడతాయి. విశాఖ నుంచి అరకుకు ఉన్న 115 కిలోమీటర్లలో అసలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది. ఈ దారిన వెళ్లేవాళ్లంతా లోయలు చూస్తారు. పోయిన డిసెంబరులో నేను మాత్రం సగం దారి కారు డాష్‌బోర్డునే చూశాను!

కారు మా బాబాయిది. 2012లో కొన్నాడు. పెట్రోలు బండి, నాలుగు గేర్ల ఆటోమేటిక్. మురళీనగర్లో ఇల్లు, పోర్టు దగ్గర ఆఫీసు. రిటైరయ్యేదాకా రోజూ అదే దారి. నలభై దాటితే పాపం అన్నట్టు నడిపేవాడు. కంట్లో గ్లకోమా ముదిరాక, ఇక స్టీరింగు పట్టొద్దన్నారు డాక్టరు. ‘‘బండి నువ్వే తీసుకుపోరా. కానీ ముందు నన్నోసారి అరకు తిప్పి తీసుకురా’’ అన్నాడు.

కొత్తవలస దగ్గర ఓ లారీని దాటబోయాను. యాక్సిలరేటర్ తొక్కితే బండి కాసేపు ఆలోచించి, సరే పద అన్నట్టు కదిలింది. కోటలో టిఫినుకి ఆగినప్పుడు హైదరాబాద్‌లోని మిత్రుడికి ఫోన్ చేశాను. ‘‘అందులో కంప్యూటరుంటుంది కదా, అది మీ బాబాయి డ్రైవింగుకి అలవాటు పడిపోయింది. బ్యాటరీ వైరు ఓ పావుగంట తీసెయ్. పాతవన్నీ మర్చిపోతుంది’’ అన్నాడు. పక్కనే మెకానిక్ షెడ్డు. పదో నంబరు స్పానరుతో నెగెటివ్ టెర్మినల్ విప్పించాను. మేం ఇడ్లీ తిని వచ్చేసరికి కారు గడియారం పన్నెండు చూపిస్తోంది. బాబాయి పెట్టుకున్న రేడియో స్టేషన్లు పోయాయి.

‘‘ఎందుకురా దాని జోలికెళ్లావు?’’ అన్నాడు బాబాయి. నేను వినిపించుకోలేదు.

నిజానికి మిత్రుడు చెప్పింది పూర్తిగా అబద్ధమేం కాదు. కార్బురేటర్ రోజుల్లో పెట్రోలు ఎంత పోవాలో ఓ మరే నిర్ణయించేది. ఇప్పుడు ఆ పని ఈసీయూ అనే చిన్న డబ్బాది. సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్, కాలిన వాయువును వాసన చూసి కబురు పెడుతుంటుంది. గాలి 14.7 పాళ్లకు పెట్రోలు ఒక పాలు... ఈ లెక్క తప్పకుండా చూడటం ఈసీయూ పని. రోజూ ఒకే దిద్దుబాటు చేయాల్సి వస్తే దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. మన కాలికింది పెడల్‌కి కూడా ఇలాంటి బళ్లలో ఇంజన్‌తో తీగ సంబంధం ఉండదు. అది మన కాలు పెట్టుకునే అర్జీ మాత్రమే. ఎంత మంజూరు చేయాలో కంప్యూటరు ఇష్టం!

టైడ దాటాక పొగమంచు దట్టమైంది. రోడ్డుకి ఎడంపక్క ఏముందో తెలియదు. లోపల అద్దం మీద ఆవిరి పట్టింది. అది పోవడానికి ఏసీ వేశాను. అప్పటిదాకా చలికి దాని అవసరమే రాలేదు. డముకు దగ్గర ఓ హెయిర్‌పిన్ మలుపులో ముందు ఆర్టీసీ బస్సు ఆగింది. నేనూ ఆగాను. సూది కిందికి, ఇంకా కిందికి... ఇంజన్ గప్‌చుప్‌గా ఆగిపోయింది.

ఇంజన్ ఆగితే స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు పనిచేసి తర్వాత గట్టిపడుతుంది. ఆటోమేటిక్ బండిని గేరు పట్టి ఉంచదు కూడా. కారు మెల్లగా వెనక్కి జారింది. వెనక జనంతో నిండిన జీపు హారన్ మోగిస్తోంది. నాకు చెయ్యి ఆడలేదు. ‘‘హ్యాండ్‌బ్రేకు లాగరా!’’ అని అరిచాడు బాబాయి. లాగాను. జీపులోంచి ఇద్దరు కుర్రాళ్లు దూకి వెనక టైర్లకింద రాళ్లు పెట్టారు. అద్దం మసకే అయినా బాబాయి ఏసీ ఆపేశాడు. ‘పీ’లో పెట్టి స్టార్ట్ చేశాను. లివరు రెండో గేరు మీద పెట్టి, అద్దాన్ని తువ్వాలుతో తుడుచుకుంటూ అనంతగిరి చేరాం. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర అందరూ ఫొటోలు దిగుతున్నారు. మేం ఆగలేదు. ఆపితే మళ్లీ కదులుతుందో లేదోనని!

అరకులో మెకానిక్ విషయం వినగానే అడిగిన మొదటి మాట: ‘‘బ్యాటరీ తీసేసినారేటి?’’

బానెట్ ఎత్తి, గాలి లోపలికెళ్లే గొట్టం ఊడదీసి, టార్చి వేసి చూపించాడు. థ్రాటిల్ బాడీ అంటారు, గాలిని ఆపి వదిలే చిన్న పళ్లెం. దాని అంచు చుట్టూ కాటుకలా మసి. ఇంజన్లోంచి వెనక్కొచ్చే నూనె ఆవిరితో పేరుకునే మసి ఇది. తక్కువ దూరాలు, తక్కువ వేగం ఉన్న బళ్లలో ఎక్కువే ఉంటుందట. మసి పెరిగి గాలిదారి ఇరుకైనకొద్దీ కంప్యూటరు ఆ పళ్లేన్ని వెంట్రుకవాసి చొప్పున ఎక్కువ తెరవడం నేర్చుకుంది. ఏళ్ల తరబడి నేర్చుకున్న ఆ లెక్కని నేను పావుగంటలో తుడిచేశాను. మసి మాత్రం అక్కడే ఉంది! కొత్త బండి అనుకుని కంప్యూటరు కొత్త బండికి సరిపడా మాత్రమే తెరిచింది. దానికి ఏసీ బరువు కూడా తోడైంది. ఊపిరాడక ఇంజన్ ఆగింది.

‘‘మతిమరుపు దానికి కాదండీ, తెచ్చింది మీరే’’ అన్నాడు మెకానిక్ నవ్వుతూ. స్ప్రే కొట్టి మసి తుడిచాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకేసి తడితే దోసెడు దుమ్ము రాలింది. నేను తిట్టుకున్న బద్ధకంలో ఎక్కువ భాగం అదే. తర్వాత ఏసీ లేకుండా పది నిమిషాలు, ఏసీతో పది నిమిషాలు, పెడల్ ముట్టకుండా ఇంజన్ ఆన్‌లో ఉంచమన్నాడు. అది మళ్లీ పాఠం నేర్చుకునే సమయమన్నమాట. ఆలోగా మేం కాఫీ తాగొచ్చాం. అరకు కాఫీ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది!

మరి బాబాయి డ్రైవింగు సంగతి? గేర్‌బాక్స్ కంప్యూటరు పెడల్ ఎంత విసురుగా తొక్కుతున్నారో గమనించి, మెత్తటి కాలైతే త్వరగా పై గేరుకి వెళ్తుంది. కానీ చాలా కార్లలో ఇది చివరి కొద్ది నిమిషాల లెక్కే. పదేళ్ల అలవాటు కాదు. క్లచ్ ప్లేట్ల అరుగుదలకి చేసుకునే సర్దుబాటే ఎక్కువకాలం నిలిచేది. పైగా అరకు సముద్రమట్టానికి 900 మీటర్లపైన ఉంది. టర్బో లేని ఇంజన్‌కి ఆ ఎత్తులో గాలి పల్చబడి దాదాపు పదో వంతు శక్తి తగ్గుతుంది. కంప్యూటరు గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గించగలదే కానీ, లేని గాలిని తేలేదు కదా.

మర్నాడు దిగేటప్పుడు బాబాయి పాత అలవాటు బయటపడింది. ‘‘న్యూట్రల్లో పెట్టరా, పెట్రోలు మిగులుతుంది’’ అన్నాడు. స్కూటర్ల కాలం నాటి మాట. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండగా కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్లో పెడితేనే ఇంజన్ ఆగకుండా ఉండటానికి కాస్త ఖర్చవుతుంది. పైగా భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. సుంకరిమెట్ట కాఫీతోటల నుంచి టైడ దాకా లివరు రెండో గేరులోనే ఉంచి దిగాను. ఇంజన్ కాస్త గట్టిగా మూలిగింది కానీ బండి అదుపు తప్పలేదు. బ్రేకుల దగ్గర కాలిన వాసన రాలేదు. గాలికొండ దగ్గర ఈసారి ఆగాం. లోయ ఎంత కనిపించిందో తెలియదు కానీ, బాబాయి చాలాసేపు నిలబడ్డాడు.

కోటకొచ్చేసరికి ఎండ ఎక్కింది. డాష్‌బోర్డు గడియారం ఇంకా తప్పే చూపిస్తోంది. ‘‘టైమెంతరా?’’ అని అడిగాడు బాబాయి. పదకొండూ ఇరవై అన్నాను. మీట వెతికి పట్టుకుని, ముఖం గడియారానికి దగ్గరగా పెట్టి, పదకొండున్నర చేశాడు.

‘‘పది నిమిషాలు ఎక్కువ పెట్టావు బాబాయ్.’’

‘‘మొదట్నుంచీ అంతే. ఆఫీసుకి లేటవకూడదని.’’