మన గోధుమ మిషిగన్ చలికి ఆగదు

మిషిగన్‌లో పెరట్లో గోధుమ వేయాలనుకున్నప్పుడు విత్తనం గురించి నేను ఎవరినీ అడగలేదు. ఇండియన్ స్టోర్లో పిండి పట్టించుకోవడానికి అమ్మే గోధుమలే తెచ్చి సెప్టెంబరులో చల్లాను. ఆదిలాబాద్ వైపు యాసంగిలో గోధుమ వేయడం చూసి పెరిగినవాణ్ణి. చలికాలం పంటే కదా, చలికి ఆగుతుందిలే అన్న ధీమా.

అక్టోబరంతా మడి పచ్చగా కళకళలాడింది. జనవరి చలికి ఆకంతా మాడింది. మార్చిలో మంచు కరిగాక ఒక్క మొక్కా చిగురించలేదు. ఒక దుబ్బు పీకి, వేరుకూ కాడకూ మధ్య ఉండే మొదలును చాకుతో నిలువునా చీల్చాను. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన చోటు గోధుమరంగుకు తిరిగి మెత్తబడిపోయింది.

కారణం తర్వాత చదివితే తెలిసింది. మన దేశంలో పండే గోధుమ దాదాపు అంతా వసంతకాలపు రకమే. మన దగ్గర చలి తక్కువ కాబట్టి నవంబరులో విత్తినా హాయిగా పండుతుంది. నేల గడ్డకట్టే చోట శీతాకాలపు రకమే కావాలి. కొన్ని వారాలు చలి తగిలితే గాని అది వెన్ను వేయదు. అందాకా దాని మొగ్గ నేలలోనే దాక్కుంటుంది. చలి మెల్లగా ముదిరేకొద్దీ మొక్క తనలో చక్కెరలు కూడబెట్టుకుని గట్టిపడుతుంది. అదే రకాన్ని వసంతంలో విత్తితే గడ్డిలా పెరుగుతుందే తప్ప కంకి రాదు.

మరుసటి ఏడు సరైన విత్తనమే తెచ్చాను. కానీ ఇంకా కాస్తున్న టమాటా మొక్కలు పీకడానికి మనసొప్పక నవంబరు దాకా ఆగాను. గింజలు పైపైనే చల్లి కాస్త మట్టి లాగాను. పిలకలు వేసే వ్యవధి లేకపోయింది. ఫిబ్రవరిలో పగలు కరుగుతూ, రాత్రి గడ్డకడుతూ నేల పొంగి, లేత మొక్కలను వేళ్లతో సహా పైకి నెట్టేసింది. విత్తనం అంగుళం, అంగుళమున్నర లోతున పడాలి. నేల గడ్డకట్టడానికి ఆరేడు వారాల ముందే మొలవాలి. దక్షిణ మిషిగన్‌లో అంటే సెప్టెంబరు నెలాఖరుకు అటూఇటూ.

చలికాలం దాటించే ధాన్యాలు గోధుమ కాక వేరేవీ ఉన్నాయి. వాటన్నిటిలో రై మొండిది. బాగా గట్టిపడితే మైనస్ 30 డిగ్రీల సెల్సియస్‌నూ తట్టుకుంటుంది. కాస్త ఆలస్యంగా వేసినా మొలుస్తుంది. దాని తర్వాత గోధుమ, రైల సంకరమైన ట్రిటికేల్, ఆపైన మైనస్ 20 దాకా ఆగే శీతాకాలపు గోధుమ. బార్లీ అంతకన్నా సున్నితం. ఓట్స్ అన్నిటికన్నా బలహీనం, ఇక్కడి చలికి చచ్చిపోతాయి. ఈ రెండింటినీ మార్చి, ఏప్రిల్‌లో వేసుకోవడమే మేలు. పైగా వాటి పొట్టు ఇంట్లో తీయడం చాలా కష్టం. రై, గోధుమ అయితే నూర్చగానే గింజ విడిపోతుంది. మడి మీద పడ్డ మంచును తీయకండి, మొక్కలను చలిగాలి నుంచి కాపాడేది అదే.

విత్తనం కొనేముందు మీ ఊళ్లో అతి చల్లని రాత్రి ఎంతకు దిగుతుందో కనుక్కోండి. శీతాకాలపు రకమేనని విత్తనం అమ్మేవారితో చెప్పించుకోండి. మొదటిసారి వేసేవారు రైతో మొదలుపెట్టండి. ఒక మడి నిలిచి పండితే మరుసటి ఏడు గోధుమ వేసే ధైర్యం వస్తుంది.