నన్నారి, నిమ్మ, కాసింత సబ్జా

ఏప్రిల్ వచ్చిందంటే కడప, కర్నూలు, అనంతపురం వీధుల్లో చెట్టు నీడ ఉన్న చోటల్లా ఒక తోపుడు బండి వెలుస్తుంది. వరసగా సీసాలు, గోనెపట్టా కప్పిన ఐసు దిమ్మ, గుట్టగా నిమ్మకాయలు, స్టీలు గిన్నెలో కప్పగుడ్లలా ఉబ్బిన సబ్జా గింజలు. మనం వెళ్లి నిలబడగానే ఒకటే ప్రశ్న: "నీళ్లలోనా అన్నా, సోడాలోనా?" నన్నారి అని వేరే చెప్పనక్కర్లేదు. ఎండాకాలం తాగడానికి దీన్ని మించింది లేదని నా పక్షపాతం. మజ్జిగ వాళ్లు, మామిడికాయ రసం వాళ్లు కోప్పడితే పడనీ.

బండి దగ్గర తాగేది సరే, ఇంట్లో చేసుకుంటే ఆ సంగతే వేరు. దీని ప్రాణమంతా సుగంధిపాల వేరులో ఉంది. మూలికల కొట్లో కట్టలుగా దొరుకుతుంది. కొనేముందు ఒక పుల్ల తుంచి, బెరడు గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. గుప్పుమంటే సరుకు మంచిది, ఉత్త మట్టివాసనే వస్తే నిల్వ సరుకు. సుగంధం ఉండేది బెరడులోనే, లోపలి తెల్లటి పుల్లలో పెద్దగా ఏమీ లేదు. అందుకే తెలిసినవాళ్లు వేళ్లను కడిగి ఆరబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పుల్ల ఏరి పారేస్తారు.

ఆ వాసన వెనిలాకు దగ్గరి చుట్టం. వెనిలాకు వాసననిచ్చే వెనిలిన్‌లో ఏ పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో ఈ వేరుకు వాసననిచ్చే పదార్థంలోనూ అన్నే ఉంటాయి, అమరికలోనే తేడా. ఆవిరితో పాటు లేచిపోవడం దాని గుణం. వేళ్లను గంటసేపు తెర్లించారా, వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, సీసాలోకి మాత్రం గోధుమరంగు తీపినీళ్లు దిగుతాయి. ఇల్లంతా ఏం వాసన అని మురిసిపోయేవాళ్లకు, పోతున్నది ఆ వాసనేనని తట్టదు.

కాబట్టి లీటరు నీళ్లు మరిగించి, దించి, పొంగు చల్లారాక 100 గ్రాముల బెరడు వేసి, మూత బిగించి రాత్రంతా వదిలేయడమే. తెల్లారి గుడ్డలో వడగట్టి, కిలో పంచదార వేసి, అది కరిగేదాకా మాత్రమే సన్నని సెగ చూపించాలి. పాకం రానక్కర్లేదు. చల్లారాక సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టాలి, బయట ఉంచితే పులుస్తుంది. రంగు టీ డికాక్షన్‌లా ఉంటుంది. ఎర్రగా నిగనిగలాడేది ఎదురైతే అందులో వేరు కన్నా రంగే ఎక్కువని నా అనుమానం.

ఇక నిమ్మకాయ. ఎండలు ముదిరేకొద్దీ గూడూరు మార్కెట్లో ధర ఎగబాకుతుంది. 2022 ఏప్రిల్‌లో చాలాచోట్ల కిలో 200 రూపాయలు దాటింది. అలాంటప్పుడు కాయలోని ఆఖరి చుక్కకూ ఆశపడి గట్టిగా పిండుతాం, గింజలు నలిగి చేదు దిగుతుంది. రసం పిండగానే తాగాలి, నిలవుంచితే రుచి మారిపోతుంది. సబ్జా అంటే రుద్రజడ గింజలే. పావుగంట ముందే నీళ్లలో వేసి ఉబ్బనివ్వాలి, పొడిగా గ్లాసులో చల్లితే ఉండలు కడతాయి.

నాలుగు చెంచాల షర్బత్, ఒక చెక్క నిమ్మరసం, చెంచాడు సబ్జా, రెండు ఐసు ముక్కలు, ఆపైన సోడా. సోడా ఆఖర్న పోయాలి. ముందు పోసి గరిటెతో తిప్పితే గ్యాసంతా పోతుంది. గోలీసోడా దొరికే ఊళ్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మా ఇంట్లో కొందరు చిటికెడు ఉప్పు వేస్తారు. నేను వాదించడం మానేశాను.

ఒక్కటే మనసుకు ముల్లు. వేరు తవ్వితే తీగే పోతుంది. నల్లమలలో, శేషాచలం కొండల్లో రాళ్ల సందున పెరిగే మరో తీగకుండే వేలెడు లావు గడ్డలకూ ఇదే వాసన, షర్బత్‌కు అవీ వెళ్తాయి. తవ్వకం మితిమీరి అడవిలో ఆ తీగలు తగ్గిపోతున్నాయి. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ అడవి సరుకు కొంటుంది, నన్నారి షర్బత్ కూడా అమ్ముతుంది. వేళ్లు దంచే ఓపిక లేనివాళ్లకు అది మేలు. దంచుకునేవాళ్లు వడగట్టిన పిప్పిని చెత్తలో పారేయకండి. అదే పిప్పి మీద ఇంకోసారి వేడినీళ్లు పోస్తే మరో సీసాకు సరిపడా వాసన దిగుతుంది, ఆ తర్వాత మూటగట్టి మంచినీళ్ల కుండలో వేసుకోవచ్చు.