అలలు పాడే ఊరికి మళ్ళీ వెళ్ళాం



తమిళనాడు తూర్పు తీరాన, పూంపుహార్‌కు దక్షిణంగా తరంగంబాడి అనే చిన్న ఊరుంది. 'పాడే అలల ఊరు' అని ఆ పేరుకు అర్థం చెబుతారు. పెళ్ళయిన ఏడాది, అంటే 2000లో, మేమిద్దరం ఆ ఊరు మొదటిసారి చూశాం. దేవుని కృప వలన 2024లో మళ్ళీ వెళ్ళాం. ఆ రెండు ప్రయాణాల సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆ ఊరికీ తెలుగువారికీ పాత సంబంధమే ఉంది. 1620లో డెన్మార్కు వర్తకులను అక్కడ కోట కట్టుకోనిచ్చినవాడు తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. 1706లో జీగెన్‌బాల్గ్, ప్లూట్షౌ అనే ఇద్దరు జర్మను మిషనెరీలు అక్కడ దిగారు. ఇసుకలో పిల్లలతో కూర్చుని తమిళం దిద్దుకున్న జీగెన్‌బాల్గ్ గారు, 1715 నాటికి తమిళ కొత్త నిబంధనను ఆ ఊళ్ళోనే అచ్చువేయించారు. 1718లో కొత్త యెరూషలేము దేవాలయాన్ని ప్రతిష్ఠించి, మరుసటి ఏడు 36 ఏళ్ళకే ప్రభువునందు నిద్రించారు.

అదే 1719లో అక్కడికి వచ్చిన షుల్జ్ గారు తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నారు. 1732 నాటికి బైబిలును తెలుగులోకి మార్చారు. అంత శ్రమా రాతప్రతిగానే మిగిలిపోయింది, అచ్చుకు నోచుకోలేదు. కొత్త నిబంధన పూర్తిగా తెలుగు అచ్చులోకి వచ్చింది 1818లో!

వేదశాస్త్రం చదివే రోజుల్లో విన్న ఈ చరిత్రే మమ్మల్ని అక్కడికి నడిపించింది. మొదటిసారి వెళ్ళినప్పుడు దేవాలయంలో జీగెన్‌బాల్గ్ గారి సమాధి చూసి, ఎండలో ఒడ్డుకు వెళ్ళాం. అక్కడ మా ఇంటావిడ కళ్ళు తిరిగి కూలబడింది. చేపల తట్ట దించుకుంటున్న ఒక అక్క పరుగెత్తుకొచ్చి, తన తాటాకు గుడిసెలో పడుకోబెట్టి, చల్లటి గంజిలో ఉప్పు వేసి తాగించింది. పక్కనే ఎండుచేప ముక్క పెట్టింది. మా తమిళం అంతంత మాత్రం. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టింది. ఆ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. పేరు అడగనే లేదు. 'అక్కా' అంటే సరిపోయింది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అప్పటి నాగపట్టణం జిల్లాలోనే ఆరు వేల మందికి పైగా చనిపోయారు. ఆ పేర్ల పట్టికలు చూసినా లాభమేమిటి? మాకు తెలిసింది పచ్చబొట్టు ఒక్కటే. ఆ ఏడాది నుంచి కుటుంబ ప్రార్థనలో మా ఇంటావిడ ఆ అక్కను తలవని రోజు లేదు.

ఇరవై నాలుగేళ్ళ తరువాత వెళితే కోట ఉంది, దేవాలయం ఉంది. కెరటాలు కోసుకుపోగా మిగిలిన మాసిలామణినాథర్ గుడి రాళ్ళ గట్టు చాటున నిలిచి ఉంది. గుడిసెల వరుస మాత్రం లేదు. వల అల్లుతున్న ఒక పెద్దాయనను అడిగాం. "తేలు పచ్చబొట్టు ఇద్దరికుండేది, తంబీ. ఒకామెను కడలి తీసుకుపోయింది. ఇంకొకామె తీరానికి దూరంగా కట్టిన కొత్త ఇళ్ళలో ఉంది" అన్నాడు.

గుండె దడదడలాడుతూ వెళ్ళాం. తల నెరిసిన ఆమె గడపలో కూర్చుని ఉంది. ముంజేతి మీద పచ్చబొట్టు మసకబారింది. మా కథంతా విని చాలాసేపు మా ముఖాలు చూసింది. "ఎందరికో గంజి పోశాను. అది నేనే కావచ్చు, మా పక్కింటి చెల్లెలు కావచ్చు. తను లేదు. మా ఇద్దరిలో ఎవరు పోసినా ఒకటే కదా అమ్మా! ఎండన పడి వచ్చారు, ముందు అన్నం తినండి" అంది.

తిన్నాం. తెచ్చిన చీర ఆమె చేతిలో పెట్టాం. బ్రతికి ఉన్నది మా అక్కేనో కాదో మాకు ఇప్పటికీ తెలియదు. తిరుగు బస్సులో మా ఇంటావిడ, "ఇంతకాలం ఒకరి కోసం ప్రార్థించాను. ఇకమీదట ఇద్దరి కోసం" అన్నది.

ప్రియులారా, షుల్జ్ గారి రాతప్రతిని మన తాతల్లో ఎవరు చదివారు? గంజి పోసిన చేతికి ఎవరికి పోసిందో గుర్తులేదు. అయినా ఆ గంజితోనే ఆ రోజు మేము లేచి నడిచాం. మన సంఘాల్లోనూ అలాంటివారున్నారు. తెల్లవారకముందే వచ్చి మందిరం ఊడ్చే అమ్మ, మన పిల్లలకు మొదటి వాక్యం నేర్పి ఇప్పుడు మంచాన పడిన ఆదివారపు బడి టీచరమ్మ. వారు లెక్క పెట్టుకోలేదు. ఈ వారం వారిలో ఒకరి గడప తొక్కండి. వెళ్ళినప్పుడు పేరు కూడా అడిగి తెలుసుకోండి.