కొండమీద చలికి కొత్త కుంపటి

చిత్తూరు సీమ అనగానే మండే ఎండలే గుర్తొస్తాయి. కానీ తిరుపతి నుంచి పీలేరు, వాల్మీకిపురం మీదుగా మదనపల్లె చేరేసరికే గాలి తీరు మారిపోతుంది. ఆ ఊరు సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైనే ఉంది మరి! అది దాటి, మెలికలు తిరిగే ఘాట్ రోడ్డెక్కితే హార్సిలీ హిల్స్. ఎత్తు సుమారు 4,000 అడుగులు. స్థానికులకు మాత్రం అది ఏనుగు మల్లమ్మ కొండ.

19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ ఇక్కడ వేసవి విడిది ఏర్పాటు చేసుకున్నాడు. అప్పట్లో ఈ ప్రాంతం కడప జిల్లాలోదే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంటే, ఈ కొండమీద ఇళ్ల కథ మొదలైందే ఎండను తప్పించుకోవడానికన్నమాట. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, గాలాడే వరండా... వేసవిలో ఇంతకన్నా ఏం కావాలి? చిక్కల్లా డిసెంబరులోనే. పొద్దువాలితే చాలు, మంచు కమ్ముకొస్తుంది. గోడలు చల్లబడతాయి. రగ్గు కప్పుకున్నా వణుకు తగ్గదు.

ఆరుబయట చలిమంట సరదాగానే ఉంటుంది. అదే నిప్పును కుంపట్లో పోసి, గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకుంటే మాత్రం ప్రాణాంతకం. బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలోనే మనిషిని బలి తీసుకుంటుంది. కాయిల్ హీటరుతో ఆ పొగ బెడద లేదు కానీ, కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంది.

వీటికి బదులు హీట్ పంపు ఉంది. మన బజారులో ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీ అని అడిగితే ఇచ్చేది ఇదే. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి బయటకు వదులుతుంది కదా... ఇది బయటి గాలిలోని వేడిని లాగి గదిలోకి తెస్తుంది. చల్లగాలిలోనూ వేడి ఉంటుందా అంటే, ఉంటుంది! కాయిల్ హీటరు యూనిట్ కరెంటుకు యూనిట్ వేడే ఇస్తే, మంచి హీట్ పంపు సుమారు మూడు యూనిట్లు అందిస్తుంది. బయట చలి మరీ ముదిరితే దీని సత్తా తగ్గుతుంది. మంచు గడ్డకట్టే హిమాలయాల చలి కాదు కాబట్టి మన కొండలకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే చల్లదనం మాత్రమే ఇచ్చే మామూలు ఏసీతో ఈ పని జరగదు.

యంత్రం కొన్నంత మాత్రాన ఇల్లు వెచ్చబడదు. ముందు తలుపుల కింది సందులు, కిటికీ రెక్కల మధ్య ఖాళీలు మూయాలి. రాత్రి మందపాటి తెరలు వేయాలి. రాతి గోడలు నిదానంగా వేడెక్కుతాయి కాబట్టి, పడుకోబోయే ముందు కాకుండా సాయంత్రమే ఆన్ చేయాలి. 20, 22 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచితే చాలు. వెచ్చటి గాలి పైకి పోతుంది కనుక రెక్కలను కిందికి తిప్పాలి. ఫిల్టరులో దుమ్ము, బయటి యూనిట్ చుట్టూ ఆకులు పేరుకోకుండా చూసుకోవాలి.

అలాగని ఇంటిని డబ్బాలా బిగించేయకూడదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల శానిటోరియం మొదలైంది. మందులు లేని ఆ రోజుల్లో స్వచ్ఛమైన గాలినే వైద్యంగా నమ్మేవారు. మందులొచ్చినా గాలి విలువ తగ్గలేదు. పొద్దున ఎండ రాగానే కాసేపు కిటికీలు తీస్తే గదిలోని తేమ పోతుంది, కొండగాలీ లోపలికొస్తుంది. ఎంతైనా జనం ఇంత ఎత్తెక్కి వచ్చేది ఆ గాలి కోసమే కదా!